ఇరవై నాలుగో మూలకం

ఆ సంవత్సరం తిమింగలాలు మా వవావు ద్వీపం నీళ్లలోకి వచ్చేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి. రేవు వెనక రేకుల కొట్టు ఒకటి, దాన్నిండా కొబ్బరికాయలు. మిట్ట వస్తే మూలిగే లారీ ఒకటి. నాకు ఎదురు చెప్పకుండానే నన్ను తన దారికి తెచ్చుకునే భార్య ఎసెతా. ఫార్మసీ చదివి ఆసుపత్రిలో మందులిచ్చే పని చేస్తానని పట్టుబట్టిన కూతురు కలొలైనె. పుట్టుకతోనే నా మీద అధికారం తెచ్చుకున్న అక్క సెయినీ. లేనిది ఒక్కటే. ద్వీపంలో మా స్కూలు పిల్లలకి కెమిస్ట్రీ చెప్పే మనిషి లేడు.

ఉన్న ఒక్క సెమిసి మాస్టారూ జూన్‌లో ఆస్ట్రేలియాకి నారింజకాయలు కోసే పనికి వెళ్లిపోయాడు. ఆయన్ని తప్పు పట్టను. ఆరుగురు పిల్లల తండ్రి. ఆయన వెళ్లిన పదో రోజున స్కూలు నుంచి కాగితం వచ్చింది. చెప్పేవారు లేనందున ఈ ఏడు కెమిస్ట్రీ పరీక్షకి పేర్లు పంపడం లేదు, అది చదువుతున్న నలుగురు విద్యార్థినులూ బదులుగా వ్యవసాయం రాయవలెను అని. కింద హెడ్మాస్టరు ఫెలెతి సంతకం.

కలొలైనె ఆ కాగితం చదివి, మడిచి, నా కంచం పక్కన పెట్టింది.

"నాన్నా, నేను వ్యవసాయం రాయను."

"యామ్ దుంప నాటడం నీకు వచ్చు కదే. కళ్లు మూసుకుని పాసవుతావు."

"కళ్లు మూసుకుని పాసై ఏం చెయ్యను? కెమిస్ట్రీ లేకపోతే ఫార్మసీలో చేర్చుకోరు."

నేను ఎసెతా వైపు చూశాను. ఆమె చాప అల్లుతూ తలెత్తలేదు. "ఇంట్లో బేరాలాడే మనిషివి నువ్వే కదా. వెళ్లి ఆడు" అంది.

మర్నాడు నడుముకి చాప కట్టుకుని స్కూలుకి వెళ్లాను. పెద్దమనిషి దగ్గరికి నడుం చాప లేకుండా వెళ్తే మా దగ్గర చొక్కా లేకుండా వెళ్లినట్టే. ఫెలెతీ నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. ఆయన వ్యవసాయం చదివి హెడ్మాస్టరయ్యాడు, నేను చదవకుండా వ్యాపారినయ్యాను.

"ఏం లిసియాటె, కొబ్బరికాయల సంగతా, పిల్ల సంగతా?"

"పిల్ల సంగతే మాస్టారూ."

"చెప్పేవాడు లేడయ్యా. నలుగురు రాసి నలుగురూ తప్పారనుకో, స్కూలు నడిపే చర్చి కమిటీ నన్ను నిలదీస్తుంది. నిన్ను కాదు."

"చెప్పేవాడు లేకపోయినా నేర్చుకుంటే?"

"ఎవరి దగ్గర? నీ దగ్గరా?" ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "నాలుగో ఫారం నువ్వు రెండేళ్లు చదివావు."

"రెండేళ్లు చదివినవాడికి ఒక ఏడు చదివినవాడికన్నా ఎక్కువ గుర్తుండాలి కదా."

నవ్వు ఆగింది. బేరంలో ఎదుటివాడు నవ్వడం ఆపాడంటే వినడం మొదలుపెట్టాడని అర్థం. నేను కుర్చీ కాస్త ముందుకి లాక్కున్నాను.

"సరే, విను" అన్నాడు ఫెలెతి. "మొదటి ముప్పై ఆరు మూలకాలు. ఒక్కోదాంట్లో ఎలక్ట్రాన్లు ఏ వరసలో ఎన్ని ఉంటాయో కుదించి రాయాలి. అది రాకపోతే మిగతా కెమిస్ట్రీ ఏదీ తలకెక్కదని సెమిసి అంటుండేవాడు. అయిదు వారాలు ఇస్తాను. చర్చి హాల్లో, కమిటీ ముందు, నల్లబల్ల మీద నలుగురూ కలిసి ముప్పై ఆరూ రాయాలి. ఒక్క తప్పు దొర్లినా వ్యవసాయమే."

"ఒక్క తప్పుకేనా? సంతలో కూడా వందకి రెండు పుచ్చిపోయిన కాయలు ఒప్పుకుంటారండీ."

"ఇది సంత కాదు."

"అయితే తప్పు లేకపోతే ఆ రోజే పేర్లు రాజధానికి ఓడెక్కాలి."

"ఎక్కిస్తాను" అన్నాడు. చెయ్యి కలిపాం.

సాయంత్రానికల్లా మా అక్క వచ్చింది. మా మనుషుల్లో పిల్లల మీద తండ్రి మాటకన్నా మేనత్త మాటకి బరువు ఎక్కువ. పెళ్లిలో గానీ చావులో గానీ ఆవిడ పైచాప మీద కూర్చుంటే మేము కింద కూర్చుంటాం. సెయినీకి ఆ హోదా చాలదన్నట్టు చర్చి కమిటీలో కూడా ఉంది.

"ఏరా, ఊరి ముందర నల్లబల్ల దగ్గర నిలబెడతావటరా నా మేనకోడల్ని? నెత్తిన కొబ్బరికాయేమన్నా పడిందా?"

"అదే నిలబడతానందక్కా."

"అది అనడమేంటి? నన్నడిగారా? తప్పిందంటే 'లిసియాటె కూతురు' అనరు, 'సెయినీ మేనకోడలు' అంటారు. చర్చిలో ముందు బెంచీ మీద కూర్చునేది నేను."

కలొలైనె చేమాకుల కూర గిన్నె తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. "తప్పనులే అత్తా."

"నోర్ముయ్యి. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే."

పిల్ల నోరు మూసుకుంది గానీ అక్కడినుంచి కదల్లేదు. మా అక్క మూడుసార్లు వడ్డించుకు తిని, లేస్తూ చెప్పింది. "నేనూ ఆ రోజు అక్కడే ఉంటాను. ఒక్క తప్పు పడనియ్యండి, నేనే లేచి ఆపించేస్తాను."

పాఠాలు నా కొట్టులో మొదలయ్యాయి. స్కూలు అయ్యాక నలుగురు పిల్లలూ వచ్చేవాళ్లు. మా కలొలైనె, తనకన్నా పొడుగైన మిలికా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతుండే ఫతాయి, చిన్నమాటకే కళ్లనీళ్లు పెట్టుకునే వసితి. సెమిసి మాస్టారు వదిలిపోయిన రెండు నోటుబుక్కులు, మూలకాల పటం ఒకటి మా పెట్టుబడి. కిందటి తుఫానుకి స్కూలు కప్పు కారి పటం కుడివైపు నిలువుగా ఒక వరస నాని ఊడిపోయింది.

మొదటివారం నేను మూల కూర్చుని విన్నాను. ఏమీ అర్థం కాలేదు. పిల్లలు పొడుగాటి వరసలు చదివేవాళ్లు. ఒకటి ఎస్ రెండు, రెండు ఎస్ రెండు, రెండు పి ఆరు, మూడు ఎస్ రెండు, అలా. వసితి ప్రతిసారీ మధ్యలో తప్పిపోయి ఏడ్చేది. దారిన పోయేవాళ్లకి ఇదో వేడుక. మిలికా తండ్రి పడవ కట్టేసి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏం లిసియాటె, కాయకో డిగ్రీ ఇస్తున్నావటగా? నా పడవక్కూడా ఒకటి ఇప్పించు" అన్నాడు.

"నీ పడవ నాలుగో ఫారం పాసవ్వాలి ముందు" అన్నాను.

రెండోవారం ఒకరోజు ఓపిక పట్టలేక అడిగాను. "ప్రతిదానికీ మొదటినుంచీ ఎందుకే రాస్తారు? నిన్న రాసిందే ఇవాళా రాస్తున్నారు."

"కుదించే పద్ధతి ఉంది నాన్నా. మొదట బ్రాకెట్టులో ఏదో మూలకం పేరు పెడతారు. ఆ పాఠం మొదలయ్యేలోపే మాస్టారు వెళ్లిపోయారు. ఏ పేరు పెట్టాలో, ఎందుకో తెలీదు."

"ఎక్కడ కుదిస్తారు?"

"అదే తెలీదంటున్నానుగా!"

నేను కొట్టు వెనక్కి నడిచి కాయల ముందు నిలబడ్డాను. ఆలోచించాలంటే నాకు సరుకు కంటి ముందుండాలి. మా దగ్గర కొబ్బరికాయని ఒంటిగా ఎవరూ లెక్కపెట్టరు. పీచు చీల్చి రెండేసి కలిపి జత కడతాం. పది జతలైతే తెకౌ. పది తెకౌలైతే తెఫుహి. ఓడ గుమస్తా అడిగితే ఒక తెఫుహి, మూడు తెకౌలు, నాలుగు జతలు అని చెప్తాను.

"ఇలా రండే" అని పిలిచాను. "తెఫుహి అన్నాక అందులో జతలు ఎన్నో గుమస్తాకి విడమర్చి చెప్తానా?"

"ఎందుకు చెప్తావు? అందరికీ తెలుసుగా" అంది మిలికా.

"నిండిన గుట్టకి పేరుంటుంది. ఆ పేరొక్కటి చెప్పి, మిగిలింది లెక్కపెడతాం. మీ మూలకాల్లో అలా నిండిపోయినవి ఉన్నాయా, ఇంకొక్కటి పట్టనివి?"

ఫతాయి నమలడం ఆపింది. కలొలైనె పటం దగ్గరికి పరిగెత్తింది. నిండిన మూలకాలన్నీ ఒకే నిలువు వరసలో ఉంటాయట. ఊడిపోయిన వరస అదే. ఆమె బొగ్గు తీసుకుని రేకు గోడ మీద పటం పక్కనే రాసింది. హీలియం రెండు, నియాన్ పది, ఆర్గాన్ పద్దెనిమిది, క్రిప్టాన్ ముప్పై ఆరు.

"సోడియం పదకొండు" అంది తనలో తాను. "నియాన్ అంటే పది అయిపోయాయి. మిగిలింది ఒకటి. బ్రాకెట్టులో నియాన్, పక్కన మూడు ఎస్ ఒకటి."

"అంతేనా?" అంది వసితి.

"అంతే."

"ఇన్నాళ్లూ నేను దీనికోసమా ఏడ్చింది!" అని వసితి మళ్లీ ఏడ్చింది.

ఆ రోజునుంచీ నేను కూడా బుర్ర పెట్టాను. ఎస్ చోట ఒక జత పడుతుంది. పి చోట మూడు జతలు, డి చోట అయిదు. జతల లెక్కనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ లెక్క కనిపెట్టినవాడి అమ్మమ్మ ఎవరో మా ద్వీపంలో పుట్టి ఉంటుందని పిల్లలతో అన్నాను. అరల మీద కాయలు పేర్చి చూసుకున్నాం. పొటాషియం దగ్గర నాకు చిక్కొచ్చింది. లోపల మూడో వరసలో డి చోటు ఖాళీగా ఉండగానే బయట నాలుగో వరస ఎస్ ఎందుకు నిండుతుందని అడిగాను.

"నువ్వు లోపలి అర ఖాళీగా పెట్టి గుమ్మం దగ్గర అర ముందు ఎందుకు నింపుతావు నాన్నా?"

"మొయ్యడం తేలిక కాబట్టి."

"దానికీ అంతే."

మూడోవారం ముగిసేసరికి కాయలు మోసుకెళ్తూ పిల్లలు పాటలా చెప్పేవాళ్లు. స్కాండియం, ఆర్గాన్, మూడు డి ఒకటి, నాలుగు ఎస్ రెండు. ఇంట్లో ఎసెతా కూడా చాప అల్లుతూ గాలియం దాకా అప్పజెప్పేది. ఆమెకి ఒక్క ముక్క అర్థం తెలియదు, ఒక్క ముక్క తప్పు పోదు.

అప్పుడు ఫతాయి పటం మీద వేలు పెట్టింది. గడి గడిలోనూ అంచున సన్నటి అంకెలు కింది వరకూ ఉంటాయి. ఒక్కో వరసలో ఎన్ని ఎలక్ట్రాన్లో చెప్పేవి.

"ఇదేంటి ఇలా ఉంది? కాల్షియం నుంచి జింకు దాకా అన్నింటికీ అడుగున రెండు. క్రోమియానికీ రాగికీ మాత్రం ఒకటి."

నేను చూశాను. "అచ్చు తప్పు. సరుకు కాగితాల్లో రోజూ చూస్తుంటాను."

"రెండుచోట్లా ఒకే రకం తప్పా?" అంది కలొలైనె.

ఆ రెండు గడులూ మళ్లీ దగ్గరగా చూశాను. కానీ నమ్మబుద్ధి కాలేదు. ఆ పిల్లలకీ కాలేదు. నాలుగు ఎస్‌లో జత కట్టేశాం. కట్టిన జతని విప్పడమేమిటి? మా కొట్లలో విడికాయ కనబడితే ఎవరో దొంగిలించబోయి వదిలేశారనుకుంటాం. క్రోమియం ఇరవై నాలుగో మూలకం. ఆర్గాన్ పద్దెనిమిది పోతే ఆరు. ఎస్‌లో జత, డిలో నాలుగు. పుట్టినప్పటినుంచీ జతలు కట్టిన చెయ్యి అలాగే రాస్తుంది.

శనివారం మధ్యాహ్నం సెమిసి మాస్టారికి ఫోన్ కలిసింది. ఆకుల చప్పుడు వినిపిస్తోంది.

"మాస్టారూ, కలొలైనెని. చెట్టు మీదున్నారా?"

"నిచ్చెన మీద. తొందరగా చెప్పు, మేస్త్రీ చూస్తున్నాడు. నారింజకి ముళ్లుంటాయని నాకు ఒక్కడూ చెప్పలేదమ్మా."

"క్రోమియం చివర రెండా, ఒకటా?"

ఆకుల చప్పుడు ఆగింది. "మీరు క్రోమియం దాకా వచ్చారా?"

"ముప్పై ఆరు దాకా వచ్చాం. అదీ, రాగీ తేలట్లేదు."

"ఒకటి" అన్నాడాయన. "రెండింటికీ ఒకటే."

నేను ఫోన్ లాక్కున్నాను. "కట్టిన జత విప్పడమేంటండీ మాస్టారూ?"

"లిసియాటె! నువ్వూ చదువుతున్నావా? విను. విందులో అయిదిళ్లవాళ్లు కూర్చున్నారు. నాలుగిళ్ల ముందు తలో కాయ పెట్టావు. అయిదో ఇంటి ముందు ఖాళీ. నీ చేతిలో ఒక జత ఉంది. ఏం చేస్తావ్?"

"విప్పి ఒకటి పెడతాను."

"క్రోమియం కూడా అదే చేసింది. డిలో అయిదు చోట్లకీ తలో ఒకటీ ఉంటే అది కుదురుగా ఉంటుంది. రాగి దగ్గర అయిదు చోట్లకీ జతలు పూర్తవడానికి ఒకటి తక్కువ. అక్కడా విప్పుతుంది. ముప్పై ఆరులో ఈ రెండే ఇలాంటివి. ఇంక పెట్టేస్తున్నా, మేస్త్రీ నిచ్చెన కింద నిలబడ్డాడు."

నేను ఒక జత తీసుకుని కలొలైనె చేతికిచ్చాను. ఆమె పీచు ముడి పళ్లతో కొరికి విప్పింది.

చర్చి హాలు నిండిపోయింది. ఊళ్లో ఆ రోజు వేరే పని ఎవరికీ లేనట్టుంది. ముందు బెంచీ మీద కమిటీ అయిదుగురు, మధ్యలో మా అక్క, చావింటికి కట్టుకునేంత పెద్ద నడుం చాపతో. నల్లబల్ల పక్కన ఫెలెతి. ఆయన చేతిలో తనే కూర్చుని రాసుకొచ్చిన జవాబుల కాగితం. బిస్కెట్ల డబ్బాలో ముప్పై ఆరు చీటీలు. ఒక్కొక్కరు వంతుగా చీటీ తీసి, ఏ మూలకం వస్తే అది రాయాలి. గడువుకి ముందు వెళ్లే చివరి ఓడ సాయంత్రం బయల్దేరుతుంది. గడువు తప్పాక వెళ్లే పేర్లు రాజధానిలో తీసుకోరు.

మొదటి చీటీకి కలొలైనెకి నియాన్ వచ్చింది. ఫెలెతి కాగితం చూసి టిక్కు పెట్టాడు. తర్వాత ఇనుము. తర్వాత భాస్వరం. సెలీనియం దగ్గర వసితి సుద్ద పట్టుకుని నిలబడిపోయింది. వెనక బెంచీలోంచి ఎసెతా గొంతు సవరించుకుంది, అంతే, వసితికి దారి దొరికింది. ఇరవై ఎనిమిది టిక్కులు పడ్డాయి.

ఇరవై తొమ్మిదో చీటీ కలొలైనెది. తీసి చూసి, అందరికీ చూపించింది. ఇరవై నాలుగు.

బ్రాకెట్టులో ఆర్గాన్. మూడు డి అయిదు. నాలుగు ఎస్ ఒకటి.

ఫెలెతి కాగితం చూశాడు. బల్ల చూశాడు. "మళ్లీ చూసుకో అమ్మా."

"చూసుకున్నాను మాస్టారూ."

"ఇరవై మూడుకి చివర రెండు. ఇరవై అయిదుకీ రెండే. నడుమ దీనికి ఒకటెలా వస్తుంది?"

"అయిదు చోట్లకీ తలో ఒకటి రావడానికి జత విప్పుతుంది. సెమిసి మాస్టారు చెప్పారు."

"నిచ్చెన మీదనుంచా?"

హాలు ఘొల్లుమంది. కలొలైనె నవ్వలేదు. "పటంలో కూడా ఒకటే ఉంది" అంది.

"ఆ నానిపోయిన పటంలోనా? స్కూలు వదిలేసి పోయినవాడి మాటా, చిరిగిన కాగితం మాటా నేనెలా పట్టుకోను?"

ఆయన చెడ్డవాడు కాదు. నా దగ్గరికి వచ్చి వంగి, నాకొక్కడికే వినబడేలా అన్నాడు. "లిసియాటె, ఇంత బాగా రాస్తారని నేను అనుకోలేదు. ఆ ఒకటిని రెండు, ఆ అయిదుని నాలుగు చెయ్యమను. చెయ్యి జారిందని రాసుకుంటాను. మిగతావి నేనే తొందరగా కానిచ్చేస్తా. పేర్లు ఇవాళ ఓడెక్కుతాయి."

నా బతుకులో అంతకన్నా మంచి బేరం తగల్లేదు. రెండు అంకెలు మారిస్తే నలుగురు పిల్లల చదువు. నేను లేచి బల్ల దగ్గరికి వెళ్లాను.

"మార్చెయ్యవే" అన్నాను మెల్లగా. "సుద్దే కదా. అసలు పరీక్షలో నీకు తెలిసింది రాసుకుందువు."

కలొలైనె నా వైపు తిరిగింది. తనూ మెల్లగానే అంది. "నాన్నా, పందొమ్మిది కాయల్ని తెకౌ అని చెప్పి ఎప్పుడైనా ఓడెక్కించావా?"

ఎక్కించలేదు. ఎక్కించమన్నవాళ్లున్నారు, ఎక్కించినవాళ్లు నాకన్నా పెద్ద కొట్లు పెట్టారు. నేను ఫెలెతి వైపు తిరిగాను.

"మార్చదండీ."

"నువ్వు గట్టిగా చెప్పు."

"చెప్పాల్సింది చెప్పాను. ఇంక చెప్పను."

అప్పుడు ముందు బెంచీలోంచి మా అక్క గొంతు వచ్చింది. "కలొలైనె. చెరిపెయ్."

మా అక్క మాటని మా ఇంట్లో కాదన్నవాళ్లు లేరు. నేనూ అనలేదు. మా నాన్న తన అక్కని కాదనలేదు.

"చెరపను అత్తా."

"ఏమన్నావు?"

"చెరపనన్నాను. ఇది తప్పు కాదు."

బల్ల పక్కన కూర్చున్న మిగతా ముగ్గురూ ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. మిలికా గొంతు పెంచి, "మాకు వచ్చినా ఇలాగే రాస్తాం" అంది. వసితి ఏడుస్తూనే నిలబడింది.

మా అక్క లేచింది. నడుం చాప గరగరమంది. బల్ల దగ్గరికి నడిచి, మేకుకి వేలాడుతున్న తుడుపుగుడ్డ తీసుకుంది. అయిపోయిందనుకున్నాను. ఆవిడ పిల్ల ముఖంలోకి చూసింది. కలొలైనె కళ్లు దించలేదు. మా అక్క అటు తిరిగి గుడ్డని ఫెలెతి ముందుకి చాచింది.

"నాకు ఈ లెక్కలు రావు. నీకు వచ్చంటున్నావు. ఇది తప్పని దేవుడి ఇంట్లో నిలబడి చెప్పగలిగితే నువ్వే చెరుపు."

ఫెలెతి గుడ్డ అందుకున్నాడు. బల్లకి ఎదురుగా నిలబడ్డాడు. తన కాగితం చూశాడు, బల్ల మీది రాత చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. రేవులో ఓడవాళ్లు సరుకు ఎక్కిస్తున్న కేకలు వినిపిస్తున్నాయి. ఆయన వీపు తప్ప మాకేమీ కనబడటం లేదు. చాలాసేపటికి ఆ గుడ్డని నాలుగు మడతలు వేసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"తర్వాత చీటీ" అన్నాడు.

ఆ తర్వాత మూడో చీటీకి మిలికాకి రాగి వచ్చింది. ఆర్గాన్, మూడు డి పది, నాలుగు ఎస్ ఒకటి. ఫెలెతి కాగితం చూడకుండానే టిక్కు పెట్టాడు. పేర్లు ఆ సాయంత్రం ఓడెక్కాయి. ఆ తర్వాత రాజధానికి రాసి కనుక్కున్నాడో లేదో, ఎవరు సరైనవాళ్లని తేలిందో, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాతో అనలేదు. మరుసటి సోమవారం మాత్రం అయిదో ఫారం పిల్లలు పదకొండు మంది నోటుబుక్కులు పట్టుకుని నా కొట్టు ముందు నిలబడ్డారు. హెడ్మాస్టరుగారు పంపారన్నారు.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా పోలేదు. ఊరందరి ముందూ కాదనిపించుకున్న మా అక్క ఆరువారాలు మా గడప తొక్కలేదు. మా నాన్న సంవత్సరీకానికి వచ్చి పైచాప మీద కూర్చుని, మా వడ్డన ముట్టకుండా లేచిపోయింది. నేను కలొలైనెతో, వెళ్లి కాళ్ల దగ్గర కూర్చుని క్షమించమని అడగమన్నాను. ఆమె చేపా కొబ్బరిపాలూ కలిపి గిన్నెలో పట్టుకెళ్లింది. ఖాళీ గిన్నెతో తిరిగొచ్చింది.

"అడిగావా?"

"తప్పు చేస్తే అడిగేదాన్ని. తిన్నదా అని చూసొచ్చాను. తింది."

సెప్టెంబరు చివరి ఆదివారం చర్చిలో మా అక్క వెనక్కి తిరిగి, మా బెంచీలోంచి కలొలైనెని వేలితో పిలిచింది. పిల్ల వెళ్లింది. మా అక్క నడుం చాప సర్దుకుని చోటిచ్చింది. ఇద్దరూ ఒక్కమాట మాట్లాడుకోలేదు, ఒకే పుస్తకంలో చూసి పాడారు.

ఆ కాలానికి చివరగా తేలింది ఇది. నలుగురి పేర్లు వెళ్లాయి. ముగ్గురు పాసయ్యారు. వసితి తప్పి, మరుసటి ఏడు ఎవరినీ అడక్కుండా తనే పేరు రాసుకుని పాసయింది. కలొలైనె ఫార్మసీకి వెళ్లింది. పోయింది ఆరువారాల రాకపోకలు, మా నాన్న పేరున ఒకపూట భోజనం. వచ్చింది, మా అక్క ముఖం మీద కాదని చెప్పగలిగిన మనిషి ఒకరు. నన్ను కలుపుకుని లెక్కేసినా అంతకుముందు మా ఇంట్లో అలాంటివాళ్లు ఒక్కరూ లేరు.